వజ్రం అమ్మే ముందు గ్రేడింగ్ రిపోర్ట్ తెచ్చుకోవాలా? దరఖాస్తు ఎలా చేయాలి?

ఇంట్లో ఉన్న వజ్రం అమ్మేద్దాం అనుకున్న ప్రతివాళ్లూ మొదట అడిగేది "ఎక్కడ అమ్మితే ఎక్కువొస్తుంది?" అని. దానికి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేరు. చేతిలో ఉన్న రాయి ఏమిటో తేలకుండా ఎవరికి చూపించినా, అవతలివాళ్లు తమకి నష్టం రాని ధరే చెబుతారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు. కొన్నప్పటి బిల్లు మీద షాపువాళ్లు రాసిచ్చిన "ఫస్ట్ క్వాలిటీ", "ఫుల్ వైట్" లాంటి మాటలు అమ్మేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేది స్వతంత్ర ల్యాబ్ ఇచ్చిన గ్రేడింగ్ రిపోర్ట్‌ని, అంటే రాయిని పరీక్షించి దాని బరువు, రంగు, నాణ్యత రాసిచ్చే కాగితాన్ని. దాన్ని మామూలు మనిషి కూడా దరఖాస్తు చేసి తెచ్చుకోవచ్చు, వ్యాపారి అయి ఉండాల్సిన పనిలేదు.

అయితే అందరికీ అవసరం లేదు, ముందు ఆ సంగతి చూద్దాం.

నగ నిండా చిన్న చిన్న రాళ్లు పొదిగి ఉంటే వాటికి విడివిడిగా రిపోర్ట్ తీయించడం దండగ, ఫీజుకే సరిపోతుంది. నా లెక్కలో అర క్యారెట్ దాటిన ఒంటిరాయి అయితే ఆలోచించాలి, ఒక క్యారెట్ దాటితే ఆలోచించకుండా పంపాలి. కొన్న షాపులోనే తిరిగి ఇచ్చేద్దామనుకుంటే వాళ్ల బైబ్యాక్ షరతులు ముందు చదవండి, నగలోంచి రాయి ఊడదీస్తే తీసుకోం అని రాసి ఉంటే మీ తొందర మీకే నష్టం. ఇక ల్యాబ్‌లో పెంచిన వజ్రం అని ముందే తెలిసి ఉంటే, రెండోసారి అమ్మకంలో దానికి వచ్చేది చాలా తక్కువ కాబట్టి కొత్తగా రిపోర్ట్ ఖర్చు పెట్టుకోవద్దనే చెబుతాను.

పాత రిపోర్ట్ ఇంట్లో ఉంటే దాని నంబరుని ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. జీఐఏ (జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) అనే ల్యాబ్ రిపోర్టులకైతే రిపోర్ట్ చెక్ అనే పేజీ ఉంది. కాగితం మీద ఉన్నదీ స్క్రీన్ మీద వచ్చేదీ ఒక్కటే అయితే సగం పని అయిపోయినట్టే. రిపోర్ట్‌కి గడువు తేదీ అంటూ ఉండదు, కానీ ఇన్నేళ్లు వాడకంలో రాయి అంచు చెక్కుకుపోయి ఉంటే ఆ కాగితం పాత రాయి గురించి చెబుతోందన్నమాట. అప్పుడు మళ్లీ పరీక్షకి పంపడమే మేలు.

ఏ ల్యాబ్‌కి పంపాలి?

క్యారెట్ (బరువు), కలర్ (రంగు), క్లారిటీ (మచ్చలు ఏ మేరకు ఉన్నాయన్నది), కట్ (సానపట్టిన తీరు) అనే నాలుగు "సీ"ల లెక్కని, రంగుకి డి (అసలు రంగు లేనిది) నుంచి జడ్ వరకు ఉన్న స్కేలుని ప్రపంచమంతా వాడేలా చేసింది జీఐఏ. 1931లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ అది, వజ్రాలు కొనదు, అమ్మదు. రిపోర్ట్‌లో ధర కూడా రాయదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ధర రాసిచ్చే అప్రైజల్ వేరు, గ్రేడింగ్ వేరు. ఐజీఐ (ఇంటర్నేషనల్ జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్) అనే మరో ల్యాబ్ 1975లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో పుట్టింది, నగలో బిగించి ఉన్న రాళ్లకి కూడా రిపోర్ట్ ఇస్తుంది. జీఐఏ మాత్రం గ్రేడింగ్ రిపోర్ట్‌కి విడి రాయినే తీసుకుంటుంది. పెద్ద సహజ వజ్రం అయితే వ్యాపారుల దగ్గర జీఐఏ కాగితానికి ఉన్న నమ్మకం ఎక్కువ, అందుకని ఇక్కడి నుంచి దాని పద్ధతినే పట్టుకుని చెబుతాను. మీరు ఎవరికి అమ్మాలనుకుంటున్నారో ముందే తెలిస్తే ఏ ల్యాబ్ రిపోర్ట్ ఒప్పుకుంటారో వాళ్లనే ఓ మాట అడగండి.

రాయిని ఊడదీయడం

దీనికి చాలామంది భయపడతారు, కొంత భయపడాల్సిందే. వజ్రం గట్టిదే కానీ పగలనిది కాదు. గీత పడకపోవడం వేరు, దెబ్బకి చీలకపోవడం వేరు. వజ్రం స్ఫటికానికి నాలుగు దిశల్లో చీలే గుణం ఉంది, సరైన చోట తగిలితే చిన్న దెబ్బకే అంచు లేచిపోతుంది. కాబట్టి తెలిసిన పనివాడితోనే, మీ కళ్ల ముందే తీయించండి. తీసే ముందు పదిరెట్లు చూపించే భూతద్దంతో రాయిని ఇద్దరూ చూసి, అంచుల్లో అప్పటికే దెబ్బలున్నాయేమో కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. తర్వాత గొడవ వస్తే అవే సాక్ష్యం. నగని పారేయకండి, దాని బంగారం లేదా ప్లాటినం వేరే లెక్క.

విడిగా ఎందుకు అడుగుతారో కూడా చెప్పాలి. పసుపు బంగారంలో కూర్చున్న రాయి రంగు అసలు రంగులా కనిపించదు. ల్యాబ్‌లో రాయిని తలకిందులుగా పెట్టి, పక్కన నమూనా రాళ్లు పెట్టి, ఒకే రకం వెలుతురులో పోల్చి చూస్తారు. బరువు సంగతి ఇంకా ముఖ్యం. మా ఇంట్లో పాత ఉంగరం ఒకటి ఉండేది, చూపించిన చోటల్లా "క్యారెట్ పైనే ఉంటుంది" అన్నారు. బిగింపులో ఉన్న గుండ్రటి రాయి బరువు అంచనా వేయడానికి ఒక లెక్క ఉంది: వ్యాసాన్ని దానితోనే హెచ్చవేసి, దాన్ని లోతుతో, ఆపైన 0.0061తో హెచ్చవేయాలి, కొలతలు మిల్లీమీటర్లలో. ఉంగరంలో ఉండగా వ్యాసం 6.5, లోతు 4.0 అని కొలిచారు, 1.03 వచ్చింది. ఊడదీశాక కొలిస్తే 6.4, 3.9. లెక్క కడితే 0.97, తక్కెడ కూడా అదే చూపించింది. కొలతలో తేడా మిల్లీమీటరులో పదో వంతే, కానీ ఒక క్యారెట్ గీతకి ఇటు పడ్డామా అటు పడ్డామా అన్న దాన్ని బట్టి క్యారెట్ ధరే మారిపోతుంది. ల్యాబ్‌వాళ్లు రౌండ్ చేస్తారులే అని కూడా అనుకోకండి. మూడో దశాంశం 9 అయితేనే పైకి జరుపుతారు. 0.998 వస్తే కాగితం మీద 0.99 అనే ఉంటుంది, 0.999 వస్తేనే 1.00.

ఫారం నింపడం

ముందు ల్యాబ్‌లో మీ పేరు మీద ఖాతా తెరవాలి. గుర్తింపు కార్డు, చిరునామా, ఫోన్ నంబరు, షరతుల ఒప్పందం మీద సంతకం, ఇవి మామూలే. రాయి పంపేవాళ్లు దాని మీద తమకి హక్కుందని ఒప్పుకుంటూ సంతకం చేస్తున్నారని గుర్తుంచుకోండి. వారసత్వంగా వచ్చిన రాయిలో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో వాటా ఉంటే వాళ్లతో మాట పూర్తయ్యాకే ఫారం తీయండి. పోయిందని ఫిర్యాదు నమోదైన రాయి పరీక్షకి వస్తే ల్యాబ్ పోలీసులకి చెప్పే అవకాశం కూడా ఉంది. ఎవరి దగ్గరో చవగ్గా కొన్న రాయి అయితే ఆ కొన్న కాగితం వెతికి పెట్టుకోండి.

తర్వాత సర్వీస్ రకం ఎంచుకోవాలి. పూర్తి గ్రేడింగ్ రిపోర్ట్‌లో రాయి లోపలి మచ్చలు, గీతలు ఎక్కడెక్కడున్నాయో చూపించే బొమ్మ ఉంటుంది. డాసియర్ అనే చిన్న రిపోర్ట్‌లో ఆ బొమ్మ ఉండదు, గ్రేడ్లు మాత్రం అవే, రెండు క్యారెట్లలోపు రాళ్లకే ఇస్తారు, ఫీజు తక్కువ. చిన్న రాయికి డాసియర్ చాలు. ఒక క్యారెట్ దాటిన రాయిని మనిషికి మనిషి అమ్మబోతుంటే పూర్తి రిపోర్టే తీసుకోండి, ఆ బొమ్మ చూపించి "ఇదే ఆ రాయి" అని ఎదురుగా నిరూపించొచ్చు.

లేజర్‌తో రిపోర్ట్ నంబరు చెక్కించే గడి ఒకటి ఉంటుంది. రాయి నడుం పట్టీ మీద, కంటికి కనిపించనంత సన్నగా చెక్కుతారు. డాసియర్‌లో అది కలిసే ఉంటుంది, పూర్తి రిపోర్ట్‌కి విడిగా అడగాలి. అడగండి. అమ్మకానికి ఎవరి చేతికో రాయి ఇచ్చి వెనక్కి తీసుకున్నప్పుడు మన రాయే మన చేతికొచ్చిందని తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

టెన్షన్ పెట్టే గడి ఇంకొకటుంది, ప్రకటిత విలువ. అక్కడ రాసే అంకెకీ గ్రేడ్‌కీ సంబంధమే లేదు, అది బీమా కోసం. రాయి పోతే మీకు వచ్చే పరిహారం దానికి లోబడే ఉంటుంది కాబట్టి ప్రీమియం మిగులుతుందని తగ్గించి రాయడం తెలివైన పని కాదు. అలాగని నానమ్మ ఉంగరం వెల కట్టలేనిదని ఆకాశాన్నంటే అంకె వేసినా దానికి తగ్గ బీమా ఖర్చు మీ నెత్తినే పడుతుంది. ఇప్పుడు అలాంటి రాయే మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో అది రాయండి.

ఈ రాయికి ఏదైనా ట్రీట్‌మెంట్ చేయించారా అన్న దగ్గర తెలిసింది తెలిసినట్టు రాయండి. పగులు నింపిన రాళ్లకి, పూత పూసిన రాళ్లకి జీఐఏ గ్రేడ్ ఇవ్వదు. లేజర్‌తో రంధ్రం చేసి మచ్చ పోగొట్టినవాటికి, ఎక్కువ వేడి, ఒత్తిడి పెట్టి రంగు మార్చినవాటికి ఇస్తుంది కానీ ఆ సంగతి రిపోర్ట్‌లో రాస్తుంది. దాచినా వాళ్ల పరికరాలకి దొరికిపోతుంది.

అప్పగించడం, తిరిగి తీసుకోవడం

ల్యాబ్ కౌంటర్‌కి స్వయంగా వెళ్లగలిగితే అదే మంచిది. కాకపోతే విలువైన వస్తువులు మోసే బీమా కొరియర్ ద్వారా పంపాలి, మామూలు కొరియర్‌వాళ్ల బీమాలో వజ్రాలకి మినహాయింపు ఉందేమో చూడకుండా పెట్టె ఇవ్వొద్దు. ఒక్కో రాయికి ఒక్కో పొట్లం, ఎందుకంటే రెండు వజ్రాలు ఒకే పొట్లంలో దొర్లితే ఒకదాన్ని ఒకటి గీసుకుంటాయి. పొట్లం మీద ఆకారం, మీకు తెలిసిన బరువు, కొలతలు రాయండి. పెట్టె బయట వజ్రం అన్న మాటే కనిపించకూడదు. దేశం దాటి పంపాల్సి వస్తే కస్టమ్స్ కాగితాలు వేరుగా ఉంటాయి, తిరిగి వచ్చేటప్పుడు కొత్త దిగుమతిగా లెక్కపెట్టకుండా ఎలా రాయాలో కొరియర్‌వాళ్లనే ముందు అడగాలి. కింబర్లీ సర్టిఫికెట్ కావాలా అని కొందరు అడుగుతుంటారు. యుద్ధాలకి డబ్బు సమకూర్చే వజ్రాల వ్యాపారాన్ని ఆపడానికి 2003లో వచ్చిన ఆ పద్ధతి సానపట్టని ముడి రాళ్లకి, మన ఉంగరం రాయికి కాదు.

రాయి అందాక వాళ్లిచ్చే రసీదులో బరువు చూసుకోండి. మీరు రాసిన దానికీ వాళ్లు తూచిన దానికీ తేడా ఉంటే ఆ రోజే అడగాలి, వారం తర్వాత కాదు. లోపల రాయి మీ పేరుతో తిరగదు, నంబరుతోనే తిరుగుతుంది, గ్రేడ్ ఇచ్చేవాళ్లకి యజమాని ఎవరో తెలియదు. ఒక్కరి మాట మీద గ్రేడ్ ఇవ్వరు, విడివిడిగా చూసినవాళ్ల అభిప్రాయాలు కలిశాకే ఖాయమవుతుంది.

రిపోర్ట్ వచ్చాక కట్ దగ్గర ఖాళీ కనిపిస్తే కంగారు పడొద్దు, జీఐఏ కట్ గ్రేడ్ ఇచ్చేది మామూలు రౌండ్ బ్రిలియంట్‌కే, అంటే ఇప్పటి గుండ్రటి కటింగ్‌కే. పాతకాలపు చేతి కటింగ్ రాళ్లకీ, కోలగా చతురస్రంగా ఉన్నవాటికీ పాలిష్, సిమెట్రీ మాత్రమే ఉంటాయి. క్లారిటీలో ఫ్లాలెస్ (ఏ మచ్చా లేనిది) నుంచి ఐ3 (అన్నిటికంటే ఎక్కువ మచ్చలున్నది) వరకు మొత్తం 11 మెట్లు. వీఎస్2 అనుకున్నది ఒక మెట్టు కిందున్న ఎస్ఐ1 అని వస్తే బాధేస్తుంది, మళ్లీ చూడమని రీచెక్ అడగొచ్చు, కానీ దానికీ ఫీజు ఉంటుంది, గ్రేడ్ మారుతుందన్న హామీ మాత్రం ఉండదు.

ఇక ఎవరికి అమ్మాలి?

కాగితం చేతికొచ్చాకే దీని గురించి కూర్చోండి. వెంటనే డబ్బు కావాలంటే డీలర్. వాళ్లు రాపాపోర్ట్ లిస్ట్ అనే వజ్రాల ధరల పట్టిక తీసి అందులోంచి శాతం తగ్గించి మాట్లాడతారు. 1978 నుంచి వస్తున్న ఆ లిస్ట్ వ్యాపారుల మధ్య బేరానికి మొదటి మెట్టు, అంత ధర మీకు ఇవ్వాలని ఎక్కడా లేదు. అందుకే ఒకే రిపోర్ట్ నంబరు ముగ్గురికి పంపి "లిస్ట్‌కి ఎంత తక్కువ?" అని ఒకే ప్రశ్న అడగండి. ముగ్గురి అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరు మాటలతో తిప్పుతున్నారో తెలిసిపోతుంది. పెద్ద రాయి, అరుదైన రంగు, పేరున్న చేతిపనితనం ఉంటే వేలం ఆలోచించొచ్చు, కనీస ధర, అమ్మకందారు కమిషన్ ఎంతో, అమ్ముడుపోకపోతే ఖర్చెవరిదో ముందే రాయించుకోవాలి. ఆగగలిగితే కన్‌సైన్‌మెంట్, అంటే రాయి వాళ్ల దగ్గర ఉంచి అమ్ముడయ్యాక డబ్బు తీసుకోవడం. నాకు దాని మీద అనుమానం ఎక్కువే, కాగితం సరిగ్గా ఉంటే మాత్రం పనికొస్తుంది: రిపోర్ట్ నంబరు, మీ కనీస ధర, చివరి తేదీ, వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లూ బీమా ఎవరిదో, ఈ నాలుగూ లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఎవరికి చూపించినా మొదట నంబరు మాత్రమే ఇవ్వండి. ఒరిజినల్ రిపోర్ట్, రాయి రెండూ కలిపి ఇచ్చేది డబ్బు ఖాతాలో పడ్డాకే. చూడటానికి ఇచ్చిన రాయి తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి భూతద్దంలో నడుం మీది నంబరు చదువుకోండి, తూకం వేయించండి. వాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, వాళ్లు కూడా తమ రాయి వెనక్కి తీసుకునేటప్పుడు ఇదే చేస్తారు.