లినక్స్‌లో మొబైల్ డాంగిల్ – మూడో పాఠం: సీడీగా కనిపించే మోడెమ్, రోమింగ్‌లో ఆగిపోయే సిమ్

పోయిన పాఠంలో టెర్మినల్ తెరవడం, కమాండ్ కొట్టడం, వచ్చిన జవాబును కంగారు పడకుండా చదవడం నేర్చుకున్నాం. ఈసారి డాంగిల్ పెడదాం, అంటే సిమ్ వేసి యూఎస్‌బీ పోర్టులో పెట్టుకునే చిన్న మోడెమ్. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్న మా అక్క కొడుకు ఒక ఆదివారం ఫోన్ చేశాడు. "మామయ్యా, డాంగిల్ లైటు వెలుగుతోంది, నెట్ మాత్రం రావట్లేదు. ఉబుంటు రెండుసార్లు మళ్లీ ఎక్కించాను" అన్నాడు. ఉబుంటు అంటే లినక్స్‌లో ఒక రకం. సాయంత్రం అందరూ రూములకు చేరగానే పీజీ వైఫై నత్తనడక నడుస్తుందని ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లి సెకండ్‌హ్యాండ్ డాంగిల్ కొనుక్కున్నాడు. "ఎక్కడ ఆగిందో చూశావా?" అని అడిగాను. చూడలేదు. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. డాంగిల్ కంప్యూటర్ కంట పడాలి, మోడెమ్‌గా మారాలి, సిమ్ నెట్‌వర్క్‌లో నమోదు కావాలి, అప్పుడు గానీ డేటా రాదు. ఏ మెట్టు మీద ఆగిందో తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి.

డాంగిల్‌ను డెస్క్‌టాప్ వెనక వైపు పోర్టులో పెట్టండి. ముందు పోర్టులకు లోపల వైరు లాగి ఉంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. సిగ్నల్ బలహీనంగా ఉన్న గదిలో మోడెమ్ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఆ వైరు నాసిరకమైతే మధ్యమధ్యలో తెగిపోతుంది. ఇప్పుడు ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. వచ్చిన జాబితాలో మీ డాంగిల్ కంపెనీ పేరున్న వరుస కనిపిస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే.

ఆ వరుసలోనే, మధ్యలో కోలన్ ఉన్న ఒక నంబరు ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. మొదటి సగం కంపెనీది: హువావేకి 12డి1, జెడ్‌టీఈకి 19డి2. రెండో సగం ఆ క్షణంలో డాంగిల్ ఏ రూపంలో ఉందో చెబుతుంది. హువావేలో 12డి1:1446 కనిపించిందంటే అది ఇంకా సీడీ డ్రైవ్ రూపంలోనే ఉంది. ఎందుకలా? విండోస్ డ్రైవర్లను కంపెనీలు డాంగిల్ లోపలే పెట్టి ఇచ్చాయి. పెట్టగానే అది సీడీలా తెరుచుకుని, డ్రైవర్లు ఎక్కించి, ఆ తర్వాత మోడెమ్‌గా మారుతుంది. లినక్స్‌లో ఆ మార్పు చేసేది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్. జోసువా డీట్జే రాశారు. అదే లేకపోతే ఈ డాంగిల్స్‌లో చాలావాటికి లినక్స్‌లో దారి ఉండేది కాదు. ఉబుంటులో మామూలుగా ముందే ఉంటుంది. లేకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకుని, ఆ నెట్‌తో ఎక్కించుకోండి.

ఒక అర నిమిషం ఆగి మళ్లీ ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. 1446 పోయి 1001, 1436 లాంటి వేరే నంబరు వచ్చిందా? అయితే మోడెమ్ సిద్ధం. 14డీసీ అని వస్తే మీది హైలింక్ రకం, అంటే డాంగిలే ఒక చిన్న రూటర్. కంప్యూటర్‌కు అది నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిచి, కింద చెప్పబోయే ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్లే దారి పేరు), రోమింగ్ రెండూ ఆ పేజీలోనే సరిచూసుకోండి. మిగతా కమాండ్లతో మీకు పని లేదు.

మూడో మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ఎంఎంసీఎల్ఐ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్, పెద్ద ఎల్ కొట్టండి. వచ్చే వరుసలో మోడెమ్ అనే మాట పక్కన ఒక అంకె ఉంటుంది. అది 0 అయితే ఎంఎంసీఎల్ఐ, స్పేస్, హైఫన్, చిన్న ఎం, స్పేస్, 0. డాంగిల్ తీసి పెట్టిన ప్రతిసారీ ఆ అంకె మారుతుంది, నిన్నటి అంకెనే వాడకండి. ఇప్పుడు పొడుగాటి పట్టిక వస్తుంది. అందులో స్టేట్ అనే చోట చూడండి. లాక్డ్ అని ఉంటే సిమ్‌కు పిన్ పెట్టి ఉంది. పిన్ మూడుసార్లు తప్పు కొడితే పీయూకే (పిన్ తాళం తీసే కోడ్) అడుగుతుంది, అది కూడా పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. కాబట్టి పిన్ ఊహించి కొట్టొద్దు.

సెర్చింగ్ దగ్గరే ఉండిపోతే డాంగిల్‌కూ సిమ్‌కూ కుదురుతుందో లేదో చూడండి. జియోకు 2జీ, 3జీ లేనే లేవు కాబట్టి 3జీ డాంగిల్‌లో జియో సిమ్ ఎన్ని గంటలు పెట్టినా పనిచేయదు. ఎయిర్‌టెల్ కూడా 3జీ తీసేసింది, పాత డాంగిల్‌లో దాని 2జీ మాత్రమే దొరుకుతుంది. ఎస్పీ రోడ్డులో బేరం మొదలుపెట్టే ముందే 4జీ డాంగిలా కాదా అని అడగండి.

మా వాడి పట్టికలో స్టేట్ రిజిస్టర్డ్ అనే ఉంది. దాని కింద రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం రోమింగ్ అని ఉంది. సిమ్ తిరుపతిలో తీసుకున్నది! మన ఊళ్ల నుంచి బెంగళూరు వచ్చినవాళ్లలో చాలామంది పాత నంబరు వదులుకోరు. మనిషికి అది మన దేశమే, మోడెమ్‌కు మాత్రం కాదు. ఒకే కంపెనీకి ఒక్కో సర్కిల్‌లో, అంటే ఒక్కో టెలికాం ప్రాంతంలో, ఒక్కో కోడ్ ఉంటుంది. ఎయిర్‌టెల్‌కు ఆంధ్ర, తెలంగాణ సర్కిల్‌లో 404-49, కర్ణాటకలో 404-45. సిమ్‌లోని కోడ్, టవర్ కోడ్ వేరువేరుగా ఉంటే మోడెమ్ దాన్ని రోమింగ్ కింద లెక్కేస్తుంది. కనెక్షన్ సెట్టింగ్‌లో రోమింగ్ వద్దని ఉంటే లినక్స్‌లో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ డేటా కలపదు. మా వాడి రెండు ఇన్‌స్టలేషన్ల శ్రమా ఈ ఒక్క టిక్కు కోసమే.

అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ తెరిచి, ప్లస్ నొక్కి, మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఎంచుకోండి. నంబర్ అడిగితే స్టార్ 99 హ్యాష్ ఇవ్వండి. ఏపీఎన్ ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, జియోకు జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి. ఆ కిందే రోమింగ్ అనుమతించే గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టి సేవ్ చేయండి. పైన మూల నెట్‌వర్క్ గుర్తు నొక్కి ఈ కనెక్షన్‌ను ఆన్ చేశాక పట్టిక మళ్లీ తెప్పించండి. స్టేట్ దగ్గర కనెక్టెడ్ అని ఉండాలి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. అదే పట్టికలో సిగ్నల్ క్వాలిటీ శాతం ఉంటుంది. కిటికీ పక్కన ఒకసారి, మంచం దగ్గర ఒకసారి, సిస్టమ్ వెనక ఒకసారి చూసి మూడు అంకెలూ రాసిపెట్టుకోండి. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఎంత పొడవుది కొనాలో ఆ అంకెలను బట్టే తేలుస్తాం.