ఒడిలో తల పెట్టడం కుక్కకు నేర్పడం

ఆందోళన ఎక్కువైనప్పుడు కుక్క వచ్చి ఒడిలో తల ఆనిస్తే చాలామందికి ఊపిరి కుదురుకుంటుంది. ఇది ఇంట్లోనే నేర్పవచ్చు. కోనసీమ ఉక్కపోతకి మంచుదేశాల హస్కీ జాతి కుక్క వద్దు, బెదురు లేని ఊరకుక్క పిల్ల నయం. గిన్నె కింద పడేస్తే ఉలిక్కిపడినా, వెంటనే వచ్చి వాసన చూసేదాన్ని ఎంచుకోండి.

పొద్దు వాలాక 5 నిమిషాలు చాలు. ఉడికించిన కోడిమాంసం శనగగింజంత ముక్కలు చేసుకుని నేల మీద కూర్చోండి. ముక్కను గుప్పిట్లో ఒడి దగ్గర పట్టుకోండి. గడ్డం తొడకి తగలగానే "భేష్" అని, తల అక్కడే ఉండగా ముక్క ఇవ్వండి. లేచాక ఇస్తే లేవడమే నేర్చుకుంటుంది. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. తల ఆనించి ఉంచే సమయం మెల్లగా పెంచండి: 2 సెకన్లు, 5, 10, తర్వాత 30. తల ఎత్తేస్తుంటే సమయం మళ్లీ తగ్గించండి. నిలకడ వచ్చాక "ఒడి" అనే మాట కలపండి. ఆపైన మీకు కంగారులో ఉండే అలవాటు, కాలు ఊపడమో చేతులు నలపడమో, చేసి వెంటనే "ఒడి" అనండి. కొన్నాళ్లకి మాట అక్కర్లేదు.

వరిచేల గట్ల మీద ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ (లెప్టో) అనే జబ్బు వస్తుంది, కాలవ నీళ్లు తాగనివ్వకండి. టీకాల్లో లెప్టో ఉందో లేదో పశువుల డాక్టర్ని అడగండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పనిసరి. పిడుదులు చెవుల్లో, వేళ్ల సందుల్లో రోజూ వెతకండి.

ఆన్‌లైన్‌లో అమ్మే "సపోర్ట్ డాగ్" సర్టిఫికెట్ కొనకండి, ఆ కాగితం చూపినంత మాత్రాన కుక్కని బస్సెక్కనివ్వరు.