రెండో భాష – 4వ పాఠం: పుస్తకం మూసి చెప్పి చూడండి

పోయిన పాఠంలో చెవికి పని పెట్టాం. ఒకే చిన్న ఆడియోను రెండు వారాల పాటు, రోజూ నాలుగైదుసార్లు వినమన్నాను. అలా విన్నవాళ్లకు ఈపాటికి తేడా తెలిసే ఉంటుంది. మొదట్లో గలగలా దొర్లిపోయిన మాటలు ఇప్పుడు విడివిడిగా వినపడుతున్నాయి, సగానికి సగం అర్థమవుతున్నాయి కూడా. అయినా ఎవరైనా ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే నోరు పెగలదు. తెలిసిన మాటే నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. ఈ పాఠం ఆ ఇబ్బంది గురించే.

విని గుర్తుపట్టడం ఒక పని, మనసులో వెతికి బయటికి తీయడం వేరే పని. ఒక మనిషిని చూడగానే ఎక్కడో చూసిన ముఖమే అని తెలుస్తుంది గానీ పేరు గుర్తుకు రాదు కదా, అలాగే ఇదీ. మొదటి పని చేస్తూ పోతే రెండోది దానంతట అదే వస్తుందని చాలామంది ఎదురుచూస్తారు. నేనూ అలాగే చూశాను. హిందీ నేర్చుకునే రోజుల్లో రెండు నోటుబుక్కుల నిండా పదాలు రాసుకుని, రాత్రిళ్లు పైనుంచి కిందికి చదివేవాణ్ణి. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉండేది. పక్కనే అర్థం కనపడుతోంది కాబట్టి అలా అనిపిస్తోందని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తాము చేసిన ప్రయోగాలను ప్రచురించారు. విద్యార్థులకు చిన్న వ్యాసాలు ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు. మిగతావాళ్లను కాగితం పక్కన పెట్టి గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే ఫలితం తారుమారైంది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ మిగిలింది. నన్ను ఆలోచింపజేసేది ఆ ఐదు నిమిషాల ఫలితం. చదివిన వెంటనే కలిగే ఆ ధీమాను నమ్ముకునే మనం ఏళ్లకేళ్లు చదువుతూ కూర్చుంటాం.

ఇక పద్ధతి. ఒక హిందీ వాక్యంతో చేసి చూపిస్తాను. మీరు నేర్చుకునేది ఏ భాషైనా పని ఇదే.

నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా మడవండి. ఎడమవైపు తెలుగులో ‘నేను పుస్తకం చదివాను’ అని, కుడివైపు ‘మైనే కితాబ్ పఢీ’ అని రాయండి. మర్నాడు కుడివైపు మూసేసి, తెలుగు మాత్రం చూస్తూ హిందీలో పైకి చెప్పండి. మనసులో అనుకుంటే చాలదు, గొంతు వినపడాలి. గుర్తుకు రాకపోతే వెంటనే తెరవకండి. మెల్లగా పది లెక్కపెట్టేంతసేపు వెతకండి. ఆ వెతుకులాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

చాలామందికి మొదటిసారి ‘మై కితాబ్ పఢా’ అని వస్తుంది. తెరిచి చూస్తే రెండు తేడాలు కనపడతాయి. ‘నే’ జారిపోయింది, ‘పఢీ’ కాస్తా ‘పఢా’ అయింది. తెలుగులో ‘చదివాను’ చివర ఉన్న ‘ను’ చదివిన మనిషిని బట్టి వస్తుంది. హిందీలో ఇలాంటి వాక్యంలో క్రియ చదివిన వస్తువును బట్టి మారుతుంది. కితాబ్ స్త్రీలింగం కాబట్టి పఢీ. అదే అఖ్‌బార్ అయితే పుంలింగం, ‘మైనే అఖ్‌బార్ పఢా’ అనాలి. చదివింది ఆడైనా మగైనా ఇంతే. ఈ సూత్రాన్ని వ్యాకరణ పుస్తకంలో పదిసార్లు చదివినా కంటికి ఆనదు. నోటితో తప్పు చెప్పి, ఆ క్షణమే సరైనది చూస్తే మాత్రం బాగా నాటుకుంటుంది. అందుకే తప్పు వచ్చిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. కొట్టివేతలు వద్దు. (కితాబ్‌ను ‘కితాబు’ అనకండి. మాట చివర అచ్చు చేర్చే మన అలవాటు గురించి రెండో పాఠంలో చెప్పుకున్నాం.)

విడి పదాలు కాకుండా వాక్యాలే రాయమనడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ‘కితాబ్ అంటే పుస్తకం’ అని రాసుకుంటే, దాని లింగం గానీ ‘నే’ సంగతి గానీ ఎక్కడా కనపడదు.

ఎప్పుడెప్పుడు మళ్లీ చెప్పుకోవాలి? ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా ఉంటుందని, పోనుపోను నెమ్మదిస్తుందని తేలింది. కాబట్టి మొదటిసారి మర్నాడే, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు చెప్పుకుంటే సరిపోతుంది. తప్పిన వాక్యం మళ్లీ మొదటికి వస్తుంది. ఆంకీ లాంటి యాప్‌లు ఈ లెక్క వాటంతట అవే చూసుకుంటాయి. వాడుకోండి, కానీ వాక్యాలు మాత్రం మీరే రాసుకోండి.

రోజుకు ఐదు కొత్త వాక్యాలు చాలు. ఉత్సాహంలో ఇరవై మొదలుపెడతారు కొందరు. ఒక్కో వాక్యాన్ని నాలుగుసార్లు చెప్పుకోవాలి కాబట్టి, రెండు వారాలు గడిచేసరికి రోజూ ఎనభై పాత వాక్యాలు ఎదురుచూస్తుంటాయి. టెన్షన్ మొదలవుతుంది, పుస్తకం అటకెక్కుతుంది. ఐదుతో అయితే ఇరవయ్యే. పావుగంట పని.

ఈ రాత్రికి మీరు వింటున్న ఆడియోలోంచి ఐదు వాక్యాలు ఎంచుకోండి. రేపో మాపో మీరు నిజంగా ఎవరితోనైనా అనబోయే వాక్యాలై ఉండాలి. పేజీ మడిచి రాసి పెట్టుకుని పడుకోండి. పొద్దున లేచాక కుడివైపు తెరవకుండా మొదలుపెట్టండి. రెండు వారాలయ్యాక ఏ వాక్యాల పక్కన గీతలు ఎక్కువ పడ్డాయో చూసి ఉంచండి. వచ్చే పాఠానికి ఆ పేజీ కావాలి. ఎదుటి మనిషితో మొదటి సంభాషణను ఆ వాక్యాలతోనే కడదాం.