పాత ఎంజీబీ, స్పిట్‌ఫైర్, టీఆర్6: కొనేముందు కనిపించే జబ్బులు, వాటికి మందులు

బ్రిటన్‌లో పాత స్పోర్ట్స్ కారు కోసం వెతికేవాళ్లు ఎక్కువగా తటపటాయించేది ఈ మూడింటి మధ్యే. ఒకటి అబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ. రెండోది అవే ఏళ్లలో కోవెంట్రీ నుంచి వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. మూడోది 1976 దాకా తయారైన ఆరు సిలిండర్ల ట్రయంఫ్ టీఆర్6. ఏ మోడల్ మంచిదని అడగడం కంటే, మీ ఎదురుగా ఉన్న బండి ఒళ్లు ఎలా ఉందో చూడటం మేలు. ఇంజిను పాడైతే ఖర్చు ఎంతో ముందే లెక్క తేలుతుంది. తుప్పు పట్టిన రేకు కోయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో వెల్డరు కూడా చెప్పలేడు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చి, కింద పరుచుకుని పడుకోవడానికి ఒక పాత దుప్పటి తీసుకెళ్లండి. వచ్చేదాకా ఇంజిను స్టార్ట్ చేయొద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిను ఎలా స్టార్ట్ అవుతుందో మీకు చూపించకుండా దాటవేసినట్టే.

తలుపు ఎత్తి పెడితేగానీ పడట్లేదు, వెనక సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంది

ఎంజీబీ రోడ్‌స్టర్‌లో, స్పిట్‌ఫైర్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పైకప్పు లేని బండిని నడుము దగ్గర నిలబెట్టేవి తలుపుల కింద ఉండే సిల్స్. స్పిట్‌ఫైర్‌కు విడిగా ఛాసీ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, అందులోనూ బరువు మోసేది సిల్సే. అవి లోపల కుళ్లితే బండి మధ్యలో కుంగి, తలుపు పైమూల వెనక రెక్కకు (చక్రం మీద కప్పే రేకుకు) దగ్గరవుతుంది.

మొదట తలుపు తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కీలు దగ్గర ఆడితే అది కీలు పిన్ను అరుగుదల, చిన్న పని. కీలు గట్టిగా ఉండి సందు మాత్రం వంకరగా ఉంటే తప్పు సిల్స్‌లో ఉంది. అమ్మేవారు ఒప్పుకుంటే సిల్ కింద జాకీ పాయింటు దగ్గర ఎత్తి, అప్పుడు తలుపు తెరిచి మూయండి. మంచి బండిలో తేడా రాదు. కుళ్లిన బండిలో తలుపు ఇరుక్కుంటుంది, లేదా జాకీ పాయింటే రేకులోకి దిగబడుతుంది.

ఎంజీబీలో సిల్ ఒక్క రేకు కాదు. బయటి సిల్, మధ్యలో నిలువు పలక, లోపలి సిల్, కింద కోట బురుజుల్లా ఎగుడుదిగుడుగా ఉండే పట్టీ కలిసి ఒక పెట్టెలా పనిచేస్తాయి. నీళ్లు కారిపోవాల్సింది ఆ బురుజుల సందుల్లోంచే. దొంగ రిపేరు చేసేవాళ్లు కుళ్లిన సిల్‌ను అలాగే వదిలి, పైన కొత్త రేకు కప్పి వెల్డ్ చేసి, లప్పం పెట్టి రంగు వేస్తారు. కింద పడుకుని టార్చి వేసి చూడండి. బురుజులు కనిపించకుండా అంచు నున్నగా, నల్లటి తారులాంటి పూతతో ఉంటే అనుమానించాలి. అయస్కాంతాన్ని సిల్ వెంట, వెనక రెక్క కింది భాగం వెంట జరపండి. పట్టు వదిలిన చోట లప్పం ఉంది. అసలు సిల్ ముందు రెక్క వెనక్కి, వెనక రెక్క కిందికి కూడా పాకుతుంది, కాబట్టి రెక్కల కింది భాగం విప్పకుండా, కోయకుండా "సిల్స్ కొత్తవి వేశాం" అంటే నమ్మొద్దు. పని జరుగుతుండగా తీసిన ఫొటోలు అడగండి.

పరిష్కారం: నాలుగు భాగాలూ మార్చాలి. తలుపులు బిగించి ఉండగానే, లోపల అడ్డంగా ఇనుప పైపు వెల్డ్ చేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టాలి. అలా చేయకపోతే బండి కుంగిన ఆకారంలోనే గట్టిపడిపోతుంది, దాన్ని సరిచేయడం కుళ్లు తీయడం కంటే కష్టం. మరీ పాడైన బండ్ల కోసం బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతోనే 1988 నుంచి కొత్త ఎంజీబీ బాడీలు తయారుచేస్తోంది. మొదటిసారి కొనేవారికి మా సలహా పైకప్పున్న ఎంజీబీ జీటీ. కప్పు కొంత బలం ఇస్తుంది, ధర కూడా సాధారణంగా రోడ్‌స్టర్ కంటే తక్కువే ఉంటుంది.

ఎంజీబీ సీట్ల వెనక బ్యాటరీ గూడు మూత ఎత్తి చూడటం మరవొద్దు. ఆసిడ్ తిన్న గూడులోంచి కింద రోడ్డు కనిపించే బండ్లు చాలా ఉన్నాయి.

స్టీరింగ్ బరువుగా ఉంది, మలుపు తిప్పాక తనంతట తాను నిటారుగా రావట్లేదు (స్పిట్‌ఫైర్)

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. ముందు చక్రాన్ని పట్టుకునే నిలువు లింకు అడుగు భాగానికి మరలు ఉంటాయి. అవి ట్రనియన్ అనే ఇత్తడి రంగు దిమ్మలో తిరుగుతాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ నడిపిన ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ భాగం గుర్తుండే ఉంటుంది. స్పిట్‌ఫైర్ ఆ హెరాల్డ్ కుటుంబంలోదే.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: అందులో గ్రీజు కొట్టడం. అక్కడ ఉండాల్సింది ఈపీ90 గేర్ ఆయిల్. గ్రీజు మరల పైదాకా పాకదు, కొన్నాళ్లకు గట్టిపడి నూనెకు దారి మూసేస్తుంది. పైమరలు ఎండిపోయి, నీళ్లు చేరి తుప్పు పట్టి, చివరికి లింకు మరల దగ్గరే విరుగుతుంది. చక్రం రెక్క కింద మడత పడుతుంది. ఎక్కువగా ఇది ఇరుకు చోట పార్క్ చేస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు జరుగుతుంది, కానీ రోడ్డు మీద జరగదని హామీ లేదు.

పరీక్ష: ముందు భాగం జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. వదులు ఎక్కడ ఉందో ఇంకొకరిని టార్చి వేసి చూడమనండి. తర్వాత స్టీరింగ్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పండి. మధ్యలో పట్టేసినట్టు ఉంటే ఆ లింకును నమ్మొద్దు.

మందు: రెండు వైపులా ట్రనియన్లు, నిలువు లింకులు కలిపి మార్చడం. ఎడమ, కుడి మరలు వేర్వేరు దిక్కుల్లో ఉంటాయి, భాగాలు తెప్పించేటప్పుడు గమనించండి. బిగించే ముందే దిమ్మలో నూనె నింపాలి. ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ ఆయిల్ గన్నుతో, పాత నూనె పైనుంచి ఉబికి వచ్చేదాకా కొట్టాలి. ఈ భాగాలు ఖరీదైనవి కావు, కాబట్టి ఈ ఒక్క లోపానికి బండి వదులుకోనక్కర్లేదు. ధర తగ్గించమని అడిగి, ఇంటికి మాత్రం ట్రక్కు మీద తెచ్చుకోండి.

క్లచ్ తొక్కగానే ఇంజిను చప్పుడు మారుతోంది, ముందు పుల్లీ జరుగుతోంది (స్పిట్‌ఫైర్, టీఆర్6)

ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే, ఇంకొకరు ఇంజిను ఆపి ఉండగా ముందు పుల్లీని గమనించండి. కంటికి కనిపించేలా ముందుకూ వెనక్కూ జరిగితే, క్రాంక్ షాఫ్ట్‌ను అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి. డయల్ గేజితో కొలిస్తే ఆ కదలిక 0.008 అంగుళం దాటకూడదు. సిగ్నళ్ల దగ్గర గంటల తరబడి క్లచ్ తొక్కి ఉంచే అలవాటే వీటిని ఎక్కువగా తినేస్తుంది.

తొందరగా పట్టుకుంటే ఇంజిను దించకుండానే అయిపోతుంది: ఆయిల్ సంప్ దించి, వెనక మెయిన్ బేరింగ్ మూత తీసి, పాత వాషర్లు జార్చేసి కొత్తవి దూర్చడం. కొలత మించితే 0.005 అంగుళం మందం ఎక్కువున్నవి దొరుకుతాయి. గాడులున్న ముఖం క్రాంక్ వైపే ఉండాలి, తిరగేసి పెడితే వారాల్లో పోతాయి. ఆలస్యం చేస్తే వాషర్ జారి సంప్‌లో పడుతుంది, క్రాంక్ నేరుగా బ్లాకును రాసుకుంటుంది. అప్పుడు బ్లాకే పనికిరాకుండా పోవచ్చు. పుల్లీ మూడు నాలుగు మిల్లీమీటర్లు జరుగుతుంటే ఇంజిను విలువ సున్నా అనుకుని బేరం ఆడండి.

స్పిట్‌ఫైర్ 1500లో 1493 సీసీ ఇంజినుకు స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఎక్కువ. ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు ఇంజిను తిరగడం తగ్గించే అదనపు గేరు) లేకుండా మోటార్‌వే మీద తోలిన బండ్లలో అడుగు బేరింగులు త్వరగా అరుగుతాయి. కిందినుంచి డబడబ చప్పుడు వస్తే వదిలేయండి. అదే పాత 1296 సీసీ బండ్లలో ఈ బాధ తక్కువ.

క్లచ్ వదలగానే వెనకనుంచి "టక్" (టీఆర్6)

వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌ను పట్టుకునే ముందువైపు పిన్నులు ఛాసీ నుంచి చీలుతూ ఉండొచ్చు. కింద దూరి, పిన్ను మొదట్లో పగులు గీత కోసం, ముఖ్యంగా కుడివైపు, చూడండి. విరిగిన చోట రేకు తీసేసి, పిన్నులు మళ్లీ బిగించి, చుట్టూ పెట్టెలా బలపరిచే రేకులు వెల్డ్ చేయాలి. భాగాలు కిట్‌గా దొరుకుతాయి. అదే చోట, వెనక చక్రాలను పట్టుకునే చేతుల్లాంటి భాగాలు బిగించిన అడ్డ పట్టీని సుత్తి పిడితో తట్టండి. టీఆర్6 ఛాసీ లోపల నీరు నిలిచి అక్కడే కుళ్లుతుంది. గట్టి చప్పుడు బదులు మెత్తటి మోత వస్తే బాడీ ఎత్తాల్సిన పని పడొచ్చు.

వేడెక్కాక ట్రాఫిక్‌లో ఇంజిను తడబడి ఆగుతోంది, డిక్కీలో పంపు గట్టిగా అరుస్తోంది (టీఆర్6)

ఇది బ్రిటన్‌లో అమ్మిన పెట్రోల్ ఇంజెక్షన్ బండ్ల రోగం. లూకాస్ పంపు వేడెక్కితే పెట్రోలు ఆవిరై, 100 పి.ఎస్.ఐ. పైన ఉండాల్సిన ఒత్తిడి పడిపోతుంది. బాష్ పంపు, దానికి ముందు సరైన ఫిల్టర్, విడిగా రిలే పెడితే తీరుతుంది. ఇంజెక్షన్ మొత్తం పీకేసి కార్బురేటర్లు పెట్టమని చెప్పే మెకానిక్కుల మాట వినొద్దు, సరిగా సెట్ చేస్తే అది అద్భుతంగా నడుస్తుంది. కమిషన్ నంబరు (ఫ్యాక్టరీలో బండికి వేసిన నంబరు) సీపీ లేదా సీఆర్ అని మొదలైతే ఇంజెక్షన్ బండి. సీసీ, సీఎఫ్ అయితే అమెరికాకు వెళ్లిన కార్బురేటర్ బండి. దాన్ని తిరిగి తెచ్చి స్టీరింగ్ కుడివైపుకు మార్చి ఉంటే ధర కూడా ఆ ప్రకారమే ఉండాలి.

ఎంజీబీ ఇంజిను: ఆయిల్ ప్రెషర్ తక్కువ, నల్లపొగ, టిక్‌టిక్

మన అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిను ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబానివి. మొండి ఇంజిను, చెప్పి మరీ పాడవుతుంది. బాగా వేడెక్కాక రోడ్డు మీద 50 పి.ఎస్.ఐ. పైన, ఐడిల్‌లో కనీసం 10 చూపించాలి. అంతకు తక్కువైతే ముందు విడి గేజితో సరిచూసి, అప్పుడు బేరింగుల మాట ఎత్తండి.

నల్లపొగ వస్తుంటే ఎస్‌యూ కార్బురేటర్ పిస్టన్‌ను దాదాపు 0.8 మిల్లీమీటర్ ఎత్తి చూడండి. ఇంజిను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు, గాలి మిశ్రమం చిక్కగా ఉంది, ఆగబోతే పల్చగా ఉంది, కొద్దిగా పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉంది. యాక్సిలరేటర్ తొక్కగానే తడబడితే కార్బురేటర్ పైన ఉండే డాష్‌పాట్‌లో నూనె అయిపోయి ఉండొచ్చు. ఎస్ఏఈ 20 నూనె పోస్తే సరిపోతుంది.

ఇగ్నిషన్ వేయగానే వెనక పెట్రోల్ పంపు టిక్‌టిక్‌మని కొట్టి, కార్బురేటర్లు నిండాక ఆగాలి. ఆగకుండా కొడుతుంటే, కార్బురేటర్ నిండగానే పెట్రోలు ఆపాల్సిన ఫ్లోట్ సూది కారుతోంది లేదా పంపు గాలి పీలుస్తోంది. అసలు కొట్టకపోతే పంపు లోపలి పాయింట్లు మాడిపోయి ఉండొచ్చు.

ఓవర్‌డ్రైవ్ పడట్లేదు

అమ్మేవారు "చిన్న వైరు తేడా" అంటారు. చాలాసార్లు నిజమే. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి, గేర్‌బాక్సూ ఓవర్‌డ్రైవూ ఒకే నూనె పంచుకుంటాయి. ఇంజిను ఆపి, ఇగ్నిషన్ వేసి, నాలుగో గేర్‌లో స్విచ్ నొక్కితే కింద సోలినాయిడ్ క్లిక్‌మనాలి. క్లిక్ రాకపోతే స్విచ్, వైరు, గేర్‌బాక్స్ మీది ఇన్‌హిబిటర్ (కింది గేర్లలో ఓవర్‌డ్రైవ్ పడకుండా ఆపే స్విచ్) వరుసగా చూడాలి. క్లిక్ వచ్చీ పడకపోతే గేర్‌బాక్స్ దించాల్సి రావచ్చని లెక్క వేసుకోండి.

పెట్రోలు వాసన

2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్ బంకుల్లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. అందులోని ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకానికి మార్చి, ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ పోయించండి. ఎంజీబీలో ట్యాంకు పైభాగం కూడా చూడండి. తేమ అక్కడ చేరి సూదిమొన రంధ్రాలు పడతాయి, నిండుగా పోసినప్పుడే కారతాయి.

కాగితాల్లో తేడా

నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బండికి ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు. అంటే కొన్నేళ్లుగా దాని అడుగుభాగాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ చూసి ఉండకపోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి పాత ఎంఓటీ చరిత్ర చదవండి. "తుప్పు" అన్న హెచ్చరిక ఏళ్ల తరబడి వచ్చి, తర్వాతి ఏడు హఠాత్తుగా మాయమైతే, ఆ వెల్డింగ్ బిల్లు చూపించమనండి. కొనేముందు మీ డబ్బుతోనే ఒక ఎంఓటీ చేయిస్తామని అడగండి. వీ5సీ (బ్రిటన్‌లో బండి రిజిస్ట్రేషన్ పత్రం) లోని ఛాసీ నంబరు, బండి మీది ప్లేటు ఒక్క అంకె తేడా ఉన్నా, ఆ తేడా రాతపూర్వకంగా తేలేవరకు అడ్వాన్సు ఇవ్వొద్దు.