మడమలు పట్టే బార్డర్ కోలీ: మా ఇంట్ల కుదిరిన ఉపాయం

మాది పాలమూరు. ఇంటికి బార్డర్ కోలీ జాతి కుక్క వచ్చినప్పటి నుంచి ఒకటే గొడవ. పిల్లలు వాకిట్ల ఉరికితే చాలు, తల వంచి, పొట్ట నేలకు ఆనించి, రెప్ప వెయ్యకుండా చూసుకుంట వచ్చి మడమ పట్టేది. పళ్లు దిగేవి కావు గానీ, చిన్నోడు మంచం దిగుడే బంద్ చేసిండు. "రెండు తగిలించు, బుద్ధొస్తది" అన్నది అత్తమ్మ.

అది కోపం కాదు, దాని వృత్తి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్ల గొర్లను మలుపనీకే ఈ జాతిని పెంచిండ్రు. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను దీనికి మూలపురుషుడు అంటరు. గొర్లు లేని ఇంట్ల పిల్లలే మంద. కొడితే బెదురుతది తప్ప పని మానదు.

"అది వంగితే ఉరకొద్దు, అట్లనే నిలబడున్రి" అని పిల్లలకు నేర్పినం. కదలనిదాన్ని తోలేదేముంది? పగ్గం పట్టుకొని దానికి "ఆగు" నేర్పిన. ఆగిన క్షణమే ఉడికిన కోడిముక్క. ఆలస్యమైతే ఎందుకిచ్చినమో దానికి తెల్వదు. పొద్దు పొడవకముందే బంతాట. పగలు జొన్నరొట్టె ముక్కలు గోనెసంచి మడతల్ల దాచిపెడితే వాసన పట్టి వెతుక్కుంటది. నా లెక్కల, ఉరుకుడు కన్నా ఈ ముక్కుపనే దాన్ని ఎక్కువ అలసగొడ్తది. ఎండకాలమని బొచ్చు గొరిగించకున్రి, ఎండ నుంచి కాపాడేది అదే, దువ్వితే చాలు.

మడమలు పట్టుడు ఆగింది. స్కూటర్ చూస్తే మాత్రం ఇంకా వంగుతది, అందుకే గేటు దాటితే పగ్గం తప్పదు.