సెకండ్ హ్యాండ్ జర్మన్ కారు: కొనేముందు చూడాల్సినవి, కొన్నాక పాటించాల్సినవి

పదేళ్లు దాటిన బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఆడి ఏ4, మెర్సిడెస్ సి క్లాస్ కార్లు ఈరోజు కొత్త చిన్న కారు ధరకే దొరుకుతున్నాయి. అందుకే జర్మన్ కారు మీద మనసున్నవారు మొదట అడిగే ప్రశ్న, "ఆ ధరకు వస్తోంది కదా, తీసుకోవచ్చా?" అనే. తీసుకోవచ్చు. అయితే కారు ధర పడిపోయినంత మాత్రాన దాని విడిభాగాల ధర పడిపోదు. కొత్తగా యాభై లక్షలు పలికిన కారు పది లక్షలకు చేతికొచ్చినా దాని టర్బో, హెడ్‌లైటు, సస్పెన్షన్ భాగాల ఖరీదు యాభై లక్షల కారు స్థాయిలోనే ఉంటుంది. కొన్న ధరలో ఐదో వంతైనా మొదటి ఏడాది మరమ్మతుల కోసం విడిగా ఉంచుకోలేనివారు పెద్ద కారు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, పుణె దగ్గరి చాకన్‌లో తయారైన ఫోక్స్‌వ్యాగన్ పోలోతోనో వెంటోతోనో మొదలుపెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయినా దాని భాగాలు దొరకడం ఇప్పటికీ కష్టం కాదు, ఆ ఇంజిన్లు తెలిసిన మెకానిక్‌లూ ఎక్కువమందే ఉన్నారు.

కొనేముందు ఏం చూడాలి?

తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండే మంచి బండి అన్న నమ్మకం ఈ కార్ల విషయంలో చాలామందిని దెబ్బతీస్తుంది. ఏటా ఆయిల్ మారుస్తూ, ఆ బిల్లులన్నీ దాచిపెట్టిన యజమాని దగ్గర లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారునే నేను ఎంచుకుంటాను తప్ప, ఒక్క బిల్లూ చూపించలేని నలభై వేల కిలోమీటర్ల కారును ఎంచుకోను. పైగా ఆ నలభై వేలు నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. మీటరు తిప్పడం పాతకార్ల బజారులో కొత్త సంగతేమీ కాదు. అదృష్టవశాత్తూ ఈ కార్లలో తిరిగిన దూరం డాష్‌బోర్డు మీటరులోనే కాక గేర్‌బాక్స్ లాంటి భాగాలను నడిపే చిన్న కంప్యూటర్లయిన వేరే కంట్రోల్ మాడ్యూళ్లలో కూడా నమోదవుతుంది. అందువల్ల ఆ కంపెనీకి సరిపోయే స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాలి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడాలకు వీసీడీఎస్ లేదా ఓబీడీ ఎలెవెన్, బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ వాడతారు. ఆన్‌లైన్‌లో ఐదొందలకు దొరికే బ్లూటూత్ స్కానర్ ఇంజిన్ కోడ్లు మాత్రమే చదువుతుంది కాబట్టి ఈ పనికి చాలదు.

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు (ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడా) కార్లలో ఏదైనా లోపాన్ని తెలిపే ఫాల్ట్ కోడు నమోదైనప్పుడు దాని పక్కనే అప్పటికి కారు తిరిగిన దూరం కూడా చాలా మాడ్యూళ్లలో రాసి ఉంటుంది. మీటరు 62,000 చూపిస్తుండగా, గేర్‌బాక్స్ మాడ్యూలులోని ఒక పాత కోడు పక్కన 1,14,000 అని కనిపిస్తే ఇక ఆ బేరంలో మాట్లాడాల్సింది ఏమీ ఉండదు. అలాగని పాత కారులో ఒక్క కోడూ లేదని సంబరపడటమూ తొందరపాటే. కారు తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో తెలిపే రెడీనెస్ మానిటర్లు స్కానర్‌లో కనిపిస్తాయి. అవి ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే, కోడ్లను కొద్దిరోజుల కిందటే చెరిపేశారని గానీ బ్యాటరీ విప్పారని గానీ అర్థం. అటువంటప్పుడు కారును రెండు మూడు రోజులు నడపనిచ్చి మళ్లీ స్కాన్ చేయిస్తామని అడగాలి.

కారు చూడటానికి ఉదయమే వెళ్లాలి, మనం వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అది వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పడమే మేలు. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటి అరనిమిషంలో చెప్పే విషయాలు వేడెక్కాక బయటపడవు. ఉదాహరణకు బీఎండబ్ల్యూ 320డి, 520డి కార్లలో ఒక తరం పాటు వాడిన ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ముందువైపు కాక, వెనుక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఆ చైన్ అరిగితే చల్లటి స్టార్ట్‌లో వెనుకనుంచి గరగరమని గొలుసు ఒరుసుకునే శబ్దం వస్తుంది. దాన్ని మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించక తప్పదు కాబట్టి చైన్ ఖరీదు కంటే కూలీయే ఎక్కువవుతుంది. తెగితే ఇంజినే పోతుంది. ఆ శబ్దం వినిపించిన బండిని చవకగా ఇచ్చినా వదులుకోమనే చెబుతాను.

వరదలో మునిగిన కార్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. జర్మన్ కార్లలో కొన్ని మోడళ్లకు ముఖ్యమైన మాడ్యూళ్లు కాళ్ల కింది కార్పెట్ అడుగునో, సీటు కిందో, డిక్కీ పక్క గూటిలోనో ఉంటాయి. మోకాలి ఎత్తు నీళ్లు వచ్చినా అవి తడుస్తాయి, పైకి తుడిచి పాలిష్ పెడితే కొన్ని నెలలు బాగానే నడిచి తర్వాత ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార కోసం చూడండి. స్టెప్నీ ఎత్తి ఆ గుంత అడుగు తడిమి చూడండి, సీటు కింది కనెక్టర్ ఒకటి విప్పించి దాని పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో గమనించండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఆ స్టెప్నీ గుంత దగ్గరే సాధారణంగా ఒక తెల్లటి స్టిక్కరు ఉంటుంది. దాని మీద ఛాసిస్ నంబరు, ఇంజిన్ కోడు, గేర్‌బాక్స్ కోడు, రంగు కోడు అచ్చువేసి ఉంటాయి. దాన్ని ఫోటో తీసుకుంటే ఆర్‌సీతో సరిపోల్చుకోవడానికీ, రేపు విడిభాగాలు తెప్పించుకోవడానికీ పనికొస్తుంది.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి కార్లు మన రాష్ట్రాలకు చవకగా వస్తుంటాయి. ఎన్ఓసీ చేతికి రాకముందే పూర్తి డబ్బు కట్టకండి. ఇక్కడ రీరిజిస్ట్రేషన్‌కు కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌ను కూడా కారు ధరలో కలిపి చూసుకుంటే, చవక అనుకున్న బేరం చాలాసార్లు ఇక్కడి కారు ధరకే వచ్చి ఆగుతుంది.

డీఎస్‌జీ గేర్‌బాక్స్‌ను నమ్మవచ్చా?

డీఎస్‌జీ అంటే ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో వచ్చే, రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పేముందు అది ఏ డీఎస్‌జీ అన్నది తెలియాలి. 1.2 లీటర్ పోలో జీటీ టీఎస్ఐ, వెంటో డీఎస్‌జీ, 1.8 లీటర్ పెట్రోల్ ఆక్టావియా, ఇప్పటి వర్టస్, టైగున్ 1.5 లీటర్ కార్లలో వచ్చేది డీక్యూ200 అనే ఏడు గేర్ల పెట్టె. ఇందులోని రెండు క్లచ్‌లూ పొడిగా పనిచేస్తాయి, అంటే వాటిని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. పాత డీజిల్ ఆక్టావియా, జెట్టాల్లోని ఆరు గేర్ల డీక్యూ250లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. చెడ్డపేరంతా ఎక్కువగా పొడి క్లచ్ పెట్టెకే వచ్చింది. చైనాలో ఫిర్యాదులు వెల్లువెత్తడంతో ఆ గేర్‌బాక్స్ వారంటీని పదేళ్లకు పెంచారు, 2013లో అక్కడ 3,84,181 కార్లను వెనక్కి పిలిచి బాగుచేశారు. తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన పెట్టెలు మెరుగుపడ్డాయి గానీ పొడి క్లచ్‌కు వేడి పడదన్న మూల విషయం మారలేదు.

అందువల్ల దీని ఆయుష్షు చాలావరకు మన పాదం మీదే ఆధారపడి ఉంటుంది. అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల ట్రాఫిక్‌లో బ్రేకును సగం వదిలి అంగుళం అంగుళం ముందుకు జరిపితే ప్రతిసారీ క్లచ్ సగం పట్టి జారుతూ వేడెక్కుతుంది. మాన్యువల్ బండిని హాఫ్ క్లచ్ మీద నడపడంతో ఇది సమానం. ముందు బండి కాస్త దూరం జరిగేదాకా బ్రేకును పూర్తిగా నొక్కి ఉంచి, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలి కదలాలి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు క్లచ్ విడిపోయి ఉంటుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ప్రతిసారీ న్యూట్రల్‌లో వేయాల్సిన పనిలేదు. ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఆగినప్పుడు యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. కొనే కారులో మొదటి గేరు నుంచి రెండో గేరుకు, అక్కడినుంచి వెనక్కి మారేటప్పుడు వణుకు వస్తోందో లేదో నెమ్మదిగా నడిపి చూడండి. డీక్యూ250 అయితే ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చిన బిల్లు అడగండి.

బీఎండబ్ల్యూలో, పెద్ద ఆడి కార్లలో వచ్చే జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ వీటన్నింటికంటే గట్టిది. దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని షోరూముల్లో చెబుతారు గానీ, గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకు మార్చమని సూచిస్తుంది. తయారీదారు మాటే వినండి.

ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి?

ఏ బ్రాండు, ఏ గ్రేడు అని అడిగేవారే ఎక్కువ. డబ్బా వెనుకవైపు అచ్చువేసిన, కారు కంపెనీ ఆమోదాన్ని తెలిపే అప్రూవల్ నంబరు చూడటం అంతకంటే ముఖ్యం. 5డబ్ల్యూ-30 అని రాసిన రెండు డబ్బాల్లో ఒకటి మీ ఇంజిన్‌కు సరిపోవచ్చు, రెండోది హాని చేయవచ్చు. పాత పెట్రోల్ ఫోక్స్‌వ్యాగన్‌లకు 502 00, పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న డీజిళ్లకు 507 00 ఉండాలి. ఫిల్టర్ ఉన్న బీఎండబ్ల్యూ డీజిల్‌కు లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్‌కు 229.51 లేదా 229.52 కావాలి. ఫిల్టర్ ఉన్న బండికి 229.5 పోస్తే, ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌లో పేరుకుపోతుంది. మసిలా అది కాలిపోదు. మీ మాన్యువల్‌లో ఉన్న నంబరు డబ్బా మీద అక్షరాలా కనిపించాలి.

మన ఎండకూ ట్రాఫిక్‌కూ 15,000 కిలోమీటర్ల దాకా ఆగకుండా 10,000కు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు, ఆయిల్ మార్చడం మంచిది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు టర్బో పెట్రోల్ ఇంజిన్లయిన టీఎస్ఐ, టీఎఫ్ఎస్ఐలలో కొన్ని ఆయిల్ తాగుతాయన్న మాట నిజమే. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు మామూలేనని ఫోక్స్‌వ్యాగన్ మాన్యువల్ అంటుంది గానీ, ఆ స్థాయికి చేరిన ఇంజిన్‌ను పిస్టన్ రింగుల కోసం పరీక్షించాల్సిందే.

కూలెంట్ విషయంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. గులాబీ రంగు ఉన్న ట్యాంకులో బంకు దగ్గర దొరికే పచ్చ కూలెంట్ కలపకూడదు. దారిలో తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోసి షెడ్డుకు చేరండి. తగ్గినదాన్ని నింపి ఊరుకోవడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఈ కార్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ గూళ్లు చాలావరకు ప్లాస్టిక్‌వి. అవి ముందు చెమ్మగిల్లి, తర్వాత ఒక మండే ఎండరోజున హైవే మీద పగులుతాయి. బీఎండబ్ల్యూకు బ్యాటరీ మార్చినప్పుడు కొత్త బ్యాటరీని కంప్యూటరులో రిజిస్టర్ చేయించండి, లేకపోతే పాతదానికి ఇచ్చినట్టే చార్జింగ్ ఇచ్చి కొత్తదాని ఆయుష్షు తగ్గిస్తుంది. బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చాలి.

ఊళ్లోనే తిరిగే డీజిల్ కారులో పార్టిక్యులేట్ ఫిల్టర్ లైటు వెలిగితే వెంటనే షెడ్డుకు పరుగెత్తనవసరం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ఇరవై నిమిషాలపాటు ఒకే వేగంతో నడిపితే లోపలి మసి కాలి లైటు ఆరిపోతుంది. ఆరకపోతే మాత్రం ఆలస్యం చేయకండి. ఫిల్టర్‌ను కోసి తీసేస్తామనే వారి మాట వినవద్దు. దానివల్ల ఊళ్లో గాలి పాడవుతుంది, బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా న్యాయంగా రాదు.

రీమ్యాప్ చేయించవచ్చా?

ఇంజిన్ కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ మార్చి శక్తి పెంచడమే రీమ్యాప్. అభిమానుల్లో కుర్రవారు ఆశగా అడిగే ప్రశ్న ఇది. ఇంజిన్ భరించగలిగినంత మాత్రాన గేర్‌బాక్స్ భరిస్తుందని కాదు. డీక్యూ200ను రూపొందించింది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వరకే. 1.5 టీఎస్ఐ, పాత 1.8 టీఎస్ఐ డీఎస్‌జీ కార్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఆ హద్దు మీద ఉంటాయి. అలాంటి కారులో టార్క్ పెంచితే ఆ భారమంతా పొడి క్లచ్ మీదే పడుతుంది. మాన్యువల్ గేరు ఉన్న కారైనా ముందు స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్ బాగున్నాయని తేల్చుకున్నాకే ఆలోచించండి. సర్వీసుకు ఇచ్చేముందు పాత సాఫ్ట్‌వేర్ ఫైలు మళ్లీ ఎక్కించేస్తే ఎవరికీ తెలియదన్న మాట నమ్మవద్దు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు సర్వీసు వ్యవస్థ మార్చిన సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి గుర్తిస్తే ఆ కారు రికార్డులో టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ క్లెయిములు తిరస్కరించే అవకాశం ఉంటుంది. వారంటీ మిగిలి ఉన్న పాత కారును కొనేవారు కూడా డబ్బు చెల్లించేముందు ఆ ఛాసిస్ నంబరు మీద అలాంటి గుర్తు ఉందేమో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలి.