మూసీ కాలువ గట్ల మీద సైకిల్: ఉప్పల్ దాటి తూర్పుకు

హైదరాబాద్‌లో సైకిల్ అనగానే అందరూ పడమర వైపే చూస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకోటి. ఎండ తగలదు, కార్లు అడ్డం రావు. వ్యాయామానికి బాగుంటుంది. కానీ పక్కనే ఔటర్ హోరు. నాకు కావలసింది మట్టి దారి, ఇటు నీళ్ళు, అటు వరి, గంటసేపు హారన్ వినపడకపోవడం. దానికి ఉప్పల్ దాటి, మూసీ ఎటు పోతే అటు పోవాలి.

ఊరు దాటాక మూసీ పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఏదులాబాద్ వైపు దిగుతుంది. నగరం వాడి వదిలిన నీళ్ళు కాబట్టి ఎండాకాలంలోనూ పారుతూనే ఉంటుంది. ఆ నీటికి అక్కడక్కడ కత్వలు, అంటే చిన్న అడ్డుకట్టలు, కట్టి కాలువలు తీశారు. నదికి ఎడమ పక్క బునాదిగాని కాలువ, కుడి పక్క పిలాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి కాలువలు. బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ, రామన్నపేట చుట్టూ కనిపించే పచ్చదనంలో చాలా భాగం వీటిదే. మా తాత వలిగొండ దగ్గర నీరటి. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు ఇడవాలి అన్నది ఆయన పని. చిన్నప్పుడు ఆయన వెనక నడిచిన గట్లే కాబట్టి ఈ దారుల మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా.

కాలువ గట్టు సైకిల్‌కు ఎందుకు నప్పుతుందంటే, కాలువను నేల వాలుకు అడ్డంగా, దాదాపు ఒకే ఎత్తులో తిప్పుతూ తీసుకెళ్తారు. నీళ్ళు వాటంతట అవే పారాలి, గట్టు కోసుకుపోకూడదు, అందుకే వాలు కంటికి కనపడనంత తక్కువ పెడతారు. ఘట్‌కేసర్ వైపు తారు రోడ్డు మీద గేర్లు మార్చి మార్చి విసుగొచ్చిన కాళ్ళకు గట్టు ఎక్కగానే తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి: తవ్విన మట్టిని ఎక్కువగా పల్లం వైపే పోస్తారు. పెద్ద గట్టు, దాని మీద బండ్లు తిరిగే బాట సాధారణంగా ఆ పక్కనే ఉంటాయి. మెరక వైపు గట్టు సర్కారు తుమ్మ పెరిగి మూసుకుపోయి ఉంటుంది. ఏ పక్క ఎక్కాలో తెలియకపోతే పొలాలు ఏ పక్క దిగువగా ఉన్నాయో చూడండి, ఆ పక్క ఎక్కండి.

దారిని ముందు రోజు రాత్రి ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ మీద వెతకాలి. మామూలు మ్యాప్‌లో ఈ బాటలు ఉండవు. ముదురు గీతలా కాలువ కనిపిస్తుంది, దాన్ని ఆనుకొని లేత గోధుమరంగు గీత ఉంటే అదే బాట. ఆ గీత కిలోమీటర్ల కొద్దీ తెగకుండా ఉందంటే ట్రాక్టర్లు తిరుగుతున్నట్టు. చెట్ల కింద మాయమై మళ్ళీ తేలకపోతే వదిలేయండి. కాలువను తారు రోడ్డు ఎక్కడెక్కడ దాటుతుందో గుర్తు పెట్టుకోండి. నాలుగైదు కిలోమీటర్లకు ఒకటి ఉంటే చాలు, టైరు పగిలినా, ఎండ ముదిరినా అక్కడ బయటపడొచ్చు.

మ్యాప్ చెప్పనిది మనుషులు చెప్తారు, కాకపోతే అడగడం తెలియాలి. "అన్నా, ఈ కట్ట మీద వలిగొండ దాకా పోవచ్చా?" అంటే ఎవరైనా "పోతది పో అక్కా" అనే అంటారు. సైకిల్ మీద వచ్చినామెను కాదనడానికి మనసొప్పదు. "ట్రాక్టర్ పోతదా?" అని అడగండి. పోతదంటే మీకు ఢోకా లేదు. "ట్రాక్టర్ పోదు గానీ బండి పోతది" అంటే (బండి అంటే మోటార్ సైకిల్) ఎక్కడో మోరీ, అదే బాట కింది తూము, కూలిందనో, పిల్ల కాలువ కోసి ఉందనో లెక్క, ఒకటి రెండు చోట్ల సైకిల్ ఎత్తుకోవాలి. "నడిచి పోవచ్చు" అంటే వెనక్కి తిరగండి. దూరం మాత్రం ఎవరినీ అడగకండి. "గా చెట్టు దాటితే అయిపాయె" అంటారు, ఆ చెట్టు అరగంటకు గానీ రాదు.

సైకిల్ ఖరీదైనది అక్కర్లేదు, టైరు ముఖ్యం. వెడల్పు 38 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మొరం మీద హాయిగా పోతుంది. 28 మిల్లీమీటర్ల రోడ్ టైర్లతో వస్తే చేతులు జివ్వుమంటాయి. నేను అరవై కిలోలు ఉంటాను, 42 మిల్లీమీటర్ల టైరులో గాలి ముందు 32, వెనక 36 పీఎస్ఐ పెడతాను. మీరు బరువుంటే కొంచెం పెంచుకోండి. సన్న వాల్వ్ ఉన్న ట్యూబులైతే దానికి సరిపడే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు సంచిలో పడేయండి. ఊళ్ళో పంక్చర్ షాపు గాలి గొట్టం మోటార్ సైకిల్ వాల్వ్‌కే సరిపోతుంది, అడాప్టర్ లేకపోతే షాపు ముందు నిలబడి కూడా చేతిపంపే కొట్టుకోవాలి.

ఇక అసలు శత్రువు పల్లేరు కాయ. వానలు వెనకబట్టాక తీగ ఎండి, కాయ విడిపోయి ముక్కలుగా బాట మీద రాలుతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్ళు. ఎటు పడ్డా ఒకటి పైకి లేచి ఉంటుంది. గట్టు మీద బాట మధ్యలో గడ్డి, రెండు పక్కల చక్రాల జాడలు ఉంటాయి. జాడలోనే ఉండండి, అక్కడ ట్రాక్టర్లు చాలావరకు నలిపేసి ఉంటాయి. ఫోటో కోసమో, ఎదురొచ్చే బండికి తప్పుకోవడానికో అంచు గడ్డిలోకి దిగితే మాత్రం ఆగి, చక్రం ఒక చుట్టు తిప్పి చూసుకోండి. టైరుకు గుచ్చుకున్నవి లేత ఆకుపచ్చ చుక్కల్లా, ఎండినవైతే బూడిదరంగులో కనిపిస్తాయి. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ (చిల్లును మూసే ద్రవం) ఉంటే పీకేసి, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగండి, బుస్సుమన్న శబ్దం ఆగిపోతుంది. ట్యూబు ఉన్నవాళ్ళు రెండు స్పేర్ ట్యూబులు పెట్టుకోవాలి. కొత్తది ఎక్కించే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడమండి. విరిగి ఇరుక్కున్న ముల్లు మొన ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబ్ పది నిమిషాలు కూడా ఆగదు. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా పొడుగు, దానికి సీలెంట్ కూడా చేతులెత్తేస్తుంది. పొలాలకు కంచెగా వేసిన ముళ్ళకంప బాటకు అడ్డంగా కనిపిస్తే తొక్కకండి, దిగి సైకిల్ ఎత్తి దాటించండి. ఆ కంపను తిరిగి ఉన్నచోటే ఉంచండి, బర్రెలు వరిలో పడకుండా వేసుకున్నది అది.

ఎప్పుడు పోవాలి? నవంబర్ సగం నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మేలు. జూలై, ఆగస్టుల్లో నాట్లు, దమ్ము చేసే ట్రాక్టర్లు కేజ్‌వీల్స్‌తోనే (బురదలో దున్నే ఇనుప చక్రాలు) బాటెక్కి చీల్చేస్తాయి, పైగా వాన. మొరం ఒక పూట ఎండకు ఆరిపోతుంది గానీ నల్లరేగడి తగిలిందంటే టైరుకూ ఫోర్కుకూ మధ్య మట్టి పేరుకొని చక్రమే తిరగదు, పుల్లతో గీకుతూ కూర్చోవాలి. డిసెంబర్, జనవరిలో యాసంగి నాట్లప్పుడూ కొన్ని చోట్ల ఈ గొడవ ఉంటుంది, కానీ వాన లేదు కాబట్టి ఫర్వాలేదు. కోతలప్పుడు ఊరి దగ్గర తారు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. దాని మీద నుంచి సైకిల్ పోనివ్వకండి, దిగి పక్కగా నడవండి. ఏప్రిల్, మేలలో పోవాల్సి వస్తే తొమ్మిదింటికల్లా ఇల్లు చేరేలా బయల్దేరండి.

గాలి లెక్క కూడా వేసుకోండి. వానాకాలంలో పడమటి గాలి. పొద్దున్నే తూర్పుకు ఉషారుగా పోతాం, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి ప్రాణం తీస్తుంది. అందుకే ఆ రోజుల్లో నేను కారు బీబీనగర్‌లో పెట్టి ముందు పడమరకు తొక్కి, గాలి వీపున పెట్టుకొని తిరిగొస్తాను.

నీళ్ళ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మూసీ నీళ్ళు మురుగు నీళ్ళు. కత్వల కింద నురగ తేలుతుంది, ప్రతాపసింగారం చుట్టుపక్కల వాసన కూడా ఉంటుంది. ముఖం కడుక్కోవడం, కాళ్ళు ముంచడం వద్దు. టైరు నుంచి చిందిన బురద బాటిల్ మూతికి తగలకుండా మూత ఉన్న బాటిల్ వాడండి, తినేముందు చేతులు శుభ్రం చేసుకోండి. తాగడానికి రెండు లీటర్లు మోసుకుపోండి. అయిపోతే దారిలో ఏ ఊరెళ్ళినా వాటర్ ప్లాంట్ ఉంటుంది. ఈత చెట్ల కింద కల్లు కుండ దించుతూ "ఓ గిలాస తాగిపో బిడ్డా" అనేవాళ్ళు ఉంటారు. ఇంటికి దగ్గరపడ్డాకైతే నాకేం అభ్యంతరం లేదు.

ఒక్కదానివే పోతావా అని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతుంది. పోతాను, కానీ ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేసి, పొద్దెక్కాకే గట్టు ఎక్కుతాను. కాపలా కుక్కలు వెంటపడితే స్పీడ్ పెంచకండి. దిగి, సైకిల్‌ను మధ్యలో పెట్టుకొని నడిస్తే చాలావరకు అవే వెనక్కి పోతాయి.

మొదటిసారి పోయేవాళ్ళు బీబీనగర్ నుంచి రుద్రవెల్లి, జూలూరు మీదుగా భూదాన్ పోచంపల్లి చూసి రండి. మధ్యలో మూసీ దాటాలి. ఎగువన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఇక్కడి లోలెవల్ వంతెన మునిగి రాకపోకలు ఆగిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి వర్షాల్లో ముందు రోజు వార్తలు చూసుకోండి. పోచంపల్లిలో టిఫిన్ చేసి, మగ్గాలు చూసి, 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలుపెట్టిన ఊరు కాబట్టి ఆ గుర్తులూ చూసి వెనక్కి రావచ్చు. ఇది అలవాటయ్యాక వలిగొండ వైపు కాలువ గట్లు పట్టుకోండి. అవీ చాలకపోతే సైకిల్ కారెక్కించి మిర్యాలగూడ పోండి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉందక్కడ. గట్టు వెడల్పు, కనుచూపు మేర పొలాలు, నీళ్ళూ శుభ్రం. కానీ ఆ కాలువ లోతు, ప్రవాహం వేగం వేరు, లైనింగ్ చేసిన ఒడ్డు జారుడు. అంచుకు దగ్గరగా తొక్కకండి, ఫోటోలు మధ్యలో నిలబడే తీసుకోండి.